బండల మిద్దె కింద గేమింగ్ కంప్యూటర్

మా అక్క కొడుకు తుగ్గలిలో ఇంటర్ పరీక్షలు రాసేసి, దాచుకున్న డబ్బులతో గేమింగ్ కంప్యూటర్ సొంతంగా బిగించుకుంటానని కూర్చున్నాడు. ఫోన్ చేసి మొదట అడిగిన మాట, "మామా, గ్రాఫిక్స్ కార్డు ఏది ఎయ్యమంటావు?" అని. "ముందు మీ ఇంట్లో సాకెట్ మూడో కన్నంలో వైరు ఉందో లేదో చూసి చెప్పు" అన్నాను. నేను మాట మారుస్తున్నానని అనుకున్నాడు.

నిజానికి వాడి ప్రశ్నకు జవాబు అక్కడే మొదలవుతుంది. కంప్యూటర్ ఎలా బిగించుకోవాలో చెప్పే వీడియోల్లో కనిపించేది ఏసీ గది, నిలకడైన కరెంటు. తుగ్గలిలో మే నెల ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. పగలంతా కాగిన బండల మిద్దె అర్ధరాత్రి దాకా ఆ వేడిని ఇంట్లోకి వదులుతూనే ఉంటుంది. చుట్టుపక్కల బోరు మోటార్లు ఒక్కసారిగా ఆన్ అయితే ఇంట్లో లైట్లు సన్నగిల్లుతాయి. ఆదోని జిన్నింగ్ మిల్లుల పక్క వీధుల్లోనో, ఎమ్మిగనూరు మగ్గాల వాడలోనో ఉంటే దుమ్ముకు నూలు పీచు కూడా తోడవుతుంది. విడిభాగాల ఎంపికను శాసించేవి ఇవే.

అలాగని గ్రాఫిక్స్ కార్డు సంగతి పక్కన పెట్టలేం. ఆటలో మనకు కనబడే బొమ్మంతా చుక్కలే. 1920 అడ్డం, 1080 నిలువు ఉన్న మామూలు మానిటర్ మీద 20,73,600 చుక్కలు ఉంటాయి. బొమ్మ సెకనుకు 60 సార్లు మారాలంటే సెకనుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు లెక్కగట్టాలి. ఒక చుక్క లెక్క ఇంకో చుక్క లెక్క కోసం ఆగదు కాబట్టి గ్రాఫిక్స్ చిప్‌లో వేల కొద్దీ చిన్న చిన్న లెక్కల యంత్రాలు ఏకకాలంలో పని చేస్తాయి. వందమంది కూలీలు తలా ఒక సాలు పట్టుకుని కలుపు తీసినట్టు. ప్రాసెసర్ పని వేరు. శత్రువు ఎటు కదలాలి, తూటా ఎవరికి తగిలింది అనేవి ఒకదాని తర్వాత ఒకటి తేల్చాల్సిన లెక్కలు. వాటికి వేలమంది అక్కర్లేదు, చురుకైనవాళ్ళు ఆరుగురుంటే చాలు. అందుకే మానిటర్ ఏదో తేలకుండా కార్డు గురించి మాట్లాడటం వృథా. 4కే మానిటర్ మీద చుక్కలు నాలుగు రెట్లు, కార్డు మీద బరువూ దాదాపు అంతే పెరుగుతుంది. మావాడికి 1080 చాలు. దానికి రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 స్థాయి కార్డు సరిజోడు అన్నాను. ఆ కార్డు వాడే కరెంటు 115 వాట్లే. ఈ తక్కువ వాట్లు మన ఊళ్ళకు ఎంత మేలో ముందు ముందు తెలుస్తుంది.

ఆ ప్రాసెసర్‌లో ఒక విశేషం ఉంది. అందులో పని చేసేవి ఆరు కోర్లు, కానీ లోపలి చిప్ మీద చెక్కినవి ఎనిమిది. తయారీలో ఒకటి రెండు కోర్లు దెబ్బతిన్న చిప్‌లను పారేయకుండా, రెండింటిని మూసేసి ఆరు కోర్లవిగా అమ్ముతారు. తొలకరి వానలకు జొన్నగిరి, పగిడిరాయి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వెతికేవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ఒకే నేలలో దొరికినా ఏ రాయి ధర దానిదే. ఆ వజ్రానికి ఇంకో గుణం ఉంది. వేడిని రాగి కంటే ఐదు రెట్లు వేగంగా లాగేస్తుంది. మనం ప్రాసెసర్ మీద పూసే థర్మల్ పేస్టు రాగి ముందు ఎందుకూ పనికిరాదు. కంటికి కనబడని సందుల్లోని గాలిని తరిమేయడానికే దాన్ని పూస్తాం. అందుకే బఠాణీ గింజంత చాలు, దట్టంగా పూస్తే అదే అడ్డు.

ఇక వేడి. ఫ్యాను చిప్‌ని చల్లబరిచేది గదిలోని గాలితోనే. గది 25 డిగ్రీలున్నప్పుడు 70 దగ్గర నిలిచే చిప్, గది 40కి చేరితే ఇంచుమించు 85 దగ్గర నిలుస్తుంది. తొంభైకి దగ్గరపడేకొద్దీ చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఖరీదైన వాటర్ కూలింగ్ పెట్టినా ఈ లెక్క మారదు, ఆ నీళ్ళు చల్లబడాల్సిందీ ఆ గది గాలిలోనే. ఆ డబ్బుతో ముందు భాగమంతా జాలీ ఉండి, దాని వెనక దుమ్ము ఫిల్టర్ ఉన్న క్యాబినెట్ కొనమంటాను. ముందు రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి తోయాలి, వెనక ఒకటి బయటికి లాగాలి. లోపలికి వచ్చే గాలి ఎక్కువైతే సందుల్లోంచి గాలి బయటికి పోతుందే తప్ప దుమ్ము లోపలికి రాదు. రంగు లైట్లతో మెరిసే అద్దం ముఖం క్యాబినెట్ మావాడికి బాగా నచ్చింది. ఆ ఒక్క విషయంలో మాత్రం నేను ఒప్పుకోలేదు.

అసలు నేను పట్టుబట్టింది కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ గురించి. క్యాబినెట్‌తో పాటు ఉత్తినే వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని పెద్ద అక్షరాలతో రాసి ఉండవచ్చు. దాని పక్కనున్న పట్టిక చదవాలి. ప్రాసెసర్‌కీ కార్డుకీ కావలసింది 12 వోల్టుల కరెంటు. పట్టికలో 12 వోల్టుల కింద 16 ఆంపియర్లు అని ఉంటే, 12ను 16తో గుణించండి, 192 వాట్లు. కొత్త ఆటలు ఆడే యంత్రానికి అది చాలదు. మావాడి యంత్రానికి ఆ 12 వోల్టుల మీదే 20 ఆంపియర్ల దాకా కావాలి. కాబట్టి పేరున్న కంపెనీ 550 వాట్లది, 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది తీసుకోమన్నాను. సగం బరువు మీద నడుస్తున్నప్పుడు దాని సామర్థ్యం 85 శాతం దాకా ఉంటుంది, మిగతాదే వేడిగా పోతుంది.

అది లోపల చేసే పని తెలిస్తే మన కరెంటుకు దాని అవసరం అర్థమవుతుంది. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీని అది ముందు 380-400 వోల్టుల డీసీగా మార్చి పెద్ద కెపాసిటర్‌లో నింపుకుంటుంది. ఆ డీసీని సెకనుకు వేలాది సార్లు తెంపి అతికి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి 12 వోల్టులకు దించుతుంది. ఆ కెపాసిటర్ మిద్దె మీది నీళ్ళ ట్యాంకు లాంటిది. కింద మోటారు ఆగినా కాసేపు కుళాయి పారుతుంది. ఆ "కాసేపు" మంచి ఎస్‌ఎంపీఎస్‌లో సుమారు 16 మిల్లీసెకన్లు. మన కరెంటు సెకనుకు 50 ఆవృతులు, అంటే ఒక్కో ఆవృతికి 20 మిల్లీసెకన్లు. ఒక్క ఆవృతి నిండేలోపే ట్యాంకు ఖాళీ.

అందుకే ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్ళు దాని వెనకనున్న చిన్న స్విచ్ చూసుకోవాలి. అది యూపీఎస్ మోడ్‌లో ఉంటే కరెంటు పోయిన పది మిల్లీసెకన్లకు అటూ ఇటుగా బ్యాటరీ అందుకుంటుంది. మామూలు మోడ్‌లో ఉంటే ఫ్యాను ఆగకపోయినా కంప్యూటర్ ఆగిపోతుంది. ఇన్వర్టర్ సైన్ వేవ్‌ది కావడం మేలు. విడిగా యూపీఎస్ కొంటే 600 వీఏ అన్న మాట చూసి మోసపోకూడదు. అలాంటి చిన్న వాటిలో చాలా వరకు ఇచ్చేది 360 వాట్లే. మావాడి యంత్రమూ మానిటరూ కలిసి 300 దాకా లాగుతాయి. అప్పుడు 600 వీఏ అంచుమీద నడిచినట్టే, 1000 వీఏ నిశ్చింత. 115 వాట్ల కార్డు అన్నందుకు కారణం ఇదే. రెట్టింపు లాగే కార్డు కొంటే ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్, గది వేడి అన్నీ దానితో పాటే పెరుగుతాయి. లో వోల్టేజి కోసం ఎస్‌ఎంపీఎస్ మీద 100-240 అని రాసి ఉందా, 200-240 అని ఉందా చూడాలి. మోటార్లు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతాయి. ఆ క్షణం వోల్టేజి 180కి జారితే 100-240 రాసి ఉన్నది తట్టుకుంటుంది.

ర్యామ్ 16 జీబీ ఒకటే కడ్డీగా కాకుండా ఎనిమిదివి రెండు కొనాలి. అప్పుడు ప్రాసెసర్‌కు రెండు దారులుంటాయి. 3200 వేగం డీడీఆర్4లో ఒక దారిన సెకనుకు 25.6 జీబీ నడుస్తుంది, రెండు దారుల్లో దానికి రెట్టింపు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఊడ్చుకుపోతుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఆ బరువు మావాడి లెక్కలోనూ పడింది. హార్డ్ డిస్క్ బదులు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. దాని గురించి ఇంక చెప్పేదేమీ లేదు.

సామాను కోసం వాడు సికింద్రాబాద్ చెనోయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళాడు. బిల్లు, సీరియల్ నంబర్లు ఫోటో తీసి పెట్టుకోమన్నాను. వారంటీకి అవే సాక్ష్యం. ప్రాసెసర్ కింద 1331 పిన్నులు, అన్నిటికీ బంగారు పూత. గాలికీ తేమకూ తుప్పు పట్టదని బంగారం. "జొన్నగిరి గని బంగారమేమో మామా" అని నవ్వాడు. ఆ పిన్నుల్లో ఒక్కటి వంగినా నష్టమే కాబట్టి సాకెట్‌లో దానంతట అది జారిపోయేలా వదలాలి, వేలితో నొక్కకూడదు.

అంతా బిగించి మొదటిసారి ఆన్ చేసిన రాత్రి మళ్ళీ ఫోన్. ఆట బ్రహ్మాండంగా నడుస్తోందట, కానీ క్యాబినెట్ ఇనుప అంచు ముట్టుకుంటే వేలు జిల్లుమంటోందట. కారణం, గోడ సాకెట్ మూడో కన్నంలో ఎర్త్ వైరు లేదు. ఎస్‌ఎంపీఎస్‌లో ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి ఇనుప పెట్టెకు చెరొక చిన్న కెపాసిటర్ ఉంటుంది. అలజడి కరెంటును అవి ఎర్త్‌లోకి దించాలి. దిగే దారి లేకపోతే పెట్టె సరిగ్గా నడిమధ్య, అంటే 115 వోల్టుల దగ్గర వేలాడుతుంది. పారేది అతి కొద్ది కరెంటు, అందుకే జిల్లుమని ఊరుకుంటుంది. కానీ రేపు లోపల నిజంగా వైరు తెగి పెట్టెకు తగిలితే ఫ్యూజు కొట్టేయదు, మనిషిని కొడుతుంది. న్యూట్రల్‌ను తెచ్చి మూడో కన్నానికి కలపడం ఇంకా ప్రమాదం.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో మనిషి లోతు గుంత తీయించాడు. ఇనుప గొట్టం నిలబెట్టి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా పోసి, అక్కడి నుంచి సాకెట్ దాకా వైరు లాగాడు. జిల్లుమనడం పోయింది. ఎండాకాలం మా నేల ఎండి బీటలు వారితే ఎర్త్ కూడా బలహీనపడుతుంది. ఏప్రిల్ వస్తే వారానికోసారి ఆ గొట్టంలో రెండు బిందెల నీళ్ళు పోయమని మా అక్కకు కూడా చెప్పి పెట్టాను.