లావు ఫ్యూజు వేస్తే గోడలో తీగే ఫ్యూజవుతుంది!

సబ్బవరం: సిమెంటు ఏ కంపెనీది, ఇనుము ఎన్ని మిల్లీమీటర్లది అని పదిమందిని అడిగి కొనేవారు, గోడలో పెట్టే కరెంటు తీగ దగ్గరకు వచ్చేసరికి 'ఏదో ఒకటి వేసేయండి' అంటున్నారు. 2022 ఏప్రిల్ 28న వేల కుటుంబాలకు ఇళ్ల పట్టాలు అందింది ఈ మండలంలోని పైడివాడ అగ్రహారంలోనే. జాతీయ రహదారి పొడవునా కొత్త ఇళ్లు లేస్తూనే ఉన్నాయి. సున్నం ఊడితే మళ్లీ వేసుకోవచ్చు. తీగ సన్నబడిందని తెలిసేనాటికి గోడ పగలగొట్టాలి, లేదా ఇల్లు కాలాలి.

పాత ఇళ్లలో సంగతి మరోలా ఉంది. ఫ్యూజు పోతే అందరి కోపం దాని మీదే. ఫ్లెక్సిబుల్ వైరు నుంచి ఒక పోగు లాగి చుట్టడం పల్లెల్లో ఏనాటినుంచో ఉన్న అలవాటు. ఒకటి పోతే రెండు, రెండూ పోతే మూడు పెనవేస్తారు. పెళ్లింట సీరియల్ బల్బులు కట్టిన రాత్రి అయితే లెక్కే లేదు. 'ఇక పోదులే' అని ధీమా. నిజమే, ఇక ఫ్యూజు పోదు. పోయేది మరొకటి.

ఫ్యూజు ఉన్నది టి.వి.నో, ఫ్రిజ్‌నో కాపాడడానికి అనుకుంటారు చాలామంది. అది కాపాడేది గోడలోని తీగను. దారి మొత్తంలో అన్నిటికంటే ముందు తెగే చోటు అదే కావాలని పెట్టిన ఏర్పాటు అది. అందుకే ముందు మోయాల్సిన బరువు చూసి తీగను ఎంచాలి. తర్వాత ఆ తీగ మోయగలిగిన దానికంటే తక్కువలో ఫ్యూజును ఎంచాలి. మన దగ్గర జరుగుతున్నది దీనికి తలకిందులు.

లెక్క పెద్ద కష్టమైనదేమీ కాదు. వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. గొట్టంలో వేసిన రాగి తీగ ఒక చదరపు మిల్లీమీటరుదైతే సుమారు 11 ఆంపియర్లు, ఒకటిన్నరదైతే 13, రెండున్నరదైతే 18, నాలుగుదైతే 24 మోస్తుంది. రెండువేల వాట్ల గీజరు 8.7 ఆంపియర్లు లాగుతుంది. లైట్ల కోసం వేసిన ఒక చదరపు మిల్లీమీటరు తీగ మీదనే దాన్ని తగిలించి, పక్కన వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె పెడితే 13 దాటినట్టే. దానికి తోడు రెండువేల వాట్ల కరెంటు పొయ్యి కూడా వెలిగిస్తే దాదాపు 22. కరెంటు రెట్టింపైతే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. మామూలు పి.వి.సి. తొడుగు తట్టుకునేది 70 డిగ్రీలే. ఇక ఫ్యూజు తీగ, దాని మీద రాసిన ఆంపియర్లకు దాదాపు రెట్టింపు వెళితేగాని కరగదు. 0.2 మిల్లీమీటర్ల పోగు ఒక్కటి 5 ఆంపియర్లది. మూడు పెనవేసిన చోట ఆ 22 ఆంపియర్లకు ఫ్యూజు చలించదు, గోడలో తొడుగు మాత్రం మెత్తబడుతుంది.

తోటల్లో మరో చిక్కు ఉంది, అది దూరం. ఇంటి నుంచి బోరు వంద మీటర్లు ఉంటే కరెంటు పోను వంద, రాను వంద, మొత్తం రెండువందల మీటర్లు నడవాలి. ఏడు ఆంపియర్లు లాగే ఒక హార్స్‌పవర్ మోటారుకు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే దారిలోనే 17 వోల్టులు పోతాయి. నాలుగుదైతే పోయేది ఆరున్నరే. అసలే వోల్టేజి పడిపోయే సాయంత్రం వేళ ఈ 17 కూడా తగ్గితే మోటారు మూలుగుతుంది, ఎక్కువ కరెంటు లాగుతుంది, చివరకు వైండింగు కాలుతుంది. తీగలో మిగుల్చుకున్న డబ్బు వైండింగు షాపులో కట్టాల్సి వస్తుంది.

ఇన్వర్టరు ఉన్నవారు మరింత జాగ్రత్త పడాలి. 600 వాట్లకు ఇంటి లైనులో 2.6 ఆంపియర్లు చాలు. అదే పని 12 వోల్టుల బ్యాటరీ చేయాలంటే 50 ఆంపియర్లు కావాలి. అమెరికాలో కొందరు షెడ్లలో సొంతంగా చిన్న విమానాలు కట్టుకుంటారు. వారి తలనొప్పీ ఇదే. తీగ లావైతే బరువు, సన్నమైతే వేడి. నడిగాలిలో తీగ కాలితే దిగి పారిపోయే వీలుండదు. అందుకని తీగ సైజును బట్టి ఫ్యూజు పెడతారు, అదీ కరెంటు బయలుదేరే చోటనే. ఇంట్లో బ్యాటరీకీ అదే పద్ధతి పనికొస్తుంది.

ఇప్పుడు ఎం.సి.బి.లు వచ్చాయి కదా అనవచ్చు. మంచిదే. ఒకటిన్నర తీగకు 10, రెండున్నరకు 16, నాలుగుకు 20 ఆంపియర్లది సరిపోతుంది. తరచూ పడుతోందని 32 ఆంపియర్లది బిగిస్తే మూడు పోగులు చుట్టినట్టే. వదులు జాయింటులో పుట్టే రవ్వను మాత్రం మామూలు ఎం.సి.బి. పసిగట్టలేదు. 1998 సెప్టెంబరు 2న కెనడా తీరంలో కూలి 229 మందిని బలిగొన్న స్విస్ ఎయిర్ విమానంలో మంట రాజుకున్నది తీగల్లో రేగిన రవ్వల వల్లనేనని, అందులోని బ్రేకర్లు అలాంటి రవ్వను ఆపగలిగినవి కావని విచారణలో తేలింది. రాగినీ అల్యూమినియాన్నీ మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు మన గోడల్లో ఎన్ని ఉన్నాయో!

షాకు తగిలిన మనిషిని కాపాడడం కూడా ఎం.సి.బి. పని కాదు. దానికి 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. వేరే ఉంటుంది. దాని మీద 'టి' అక్షరంతో చిన్న బొత్తాం కనిపిస్తుంది. నెలకోసారి నొక్కితే ఇంట్లో కరెంటు పోవాలి. పోకపోతే ఆ పెట్టెను అదే రోజు మార్పించాలి.