గోధుమ పడని బిడ్డకు హోటలులో ఏమి పెట్టించాలి?

గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. సీలియాక్ వ్యాధి గలవారిలో అది చిన్నప్రేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటబట్టక బిడ్డ ఎదుగుదల కుంటుపడుతుంది, రక్తహీనత కలుగుతుంది. జీవితాంతం గ్లూటెన్ మానడమే చికిత్స. అయితే రక్తపరీక్షకు ముందే గోధుమ మాన్పించరాదు. మాన్పిస్తే పరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చు.

ఇంట్లో మనకు లోటు లేదు. వరి, రాగి, జొన్న, సజ్జలలో గ్లూటెన్ ఉండదు. సాగే గుణం లేనందుననే మన తల్లులు జొన్నపిండిని మరిగిన నీటితో కలుపుతారు. వేడికి పిండి ఉబ్బి అంటుకుంటుంది. బియ్యప్పిండితో బ్రెడ్డు చేయదలచినవారు కొద్దిగా ఇసబ్‌గోల్ పొట్టు కలిపితే ముద్ద విరగదు. గోధుమలు ఆడిన మరలో ఆ వెంటనే ఈ పిండి పట్టించరాదు. ఈ సంగతి చాలామంది మరచిపోతారు.

చిక్కంతా హోటలులోనే. ఇడ్లీ రవ్వ బియ్యానిది, బొంబాయి రవ్వ గోధుమది. కనుక రవ్వ ఇడ్లీ, రవ్వ దోసె పనికిరావు. సాదా దోసె మంచిదే గాని, చపాతీలు కాల్చిన పెనంపై పోస్తే కాదు. పూరీలు వేగిన నూనెలో వేసిన వడ కూడా అంతే. సాంబారులోని ఇంగువను కూడా అనుమానించాలి. డబ్బా ఇంగువలో తరచుగా గోధుమపిండి కలుపుతారు.

గ్లూటెన్ అన్న మాట వడ్డించేవారికి తెలియకపోవచ్చు. కన్నడంలో గోధి, తమిళంలో గోదుమై, మరాఠీలో గహూ, ఒడియాలో గహమ అని అడగండి. మైదాను విడిగా అడగండి. అదీ గోధుమదేనని వంటవారిలో కొందరికి తోచదు.