ప్రాజెక్టులో 99 శాతం.. మరి రోడ్డు మీద?

ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చున్నారు. రెజ్యుమెలో ఫైనలియర్ ప్రాజెక్టు ‘ట్రాఫిక్ సైన్ రికగ్నిషన్’. కచ్చితత్వం 99 శాతం అని ధీమాగా చెప్పారు. ఎదురుగా ఉన్నాయన తలూపి ఒకే ప్రశ్న వేశారు. ‘మీ ముందు వెళ్తున్న లారీ వెనకాల 80 అని గుండ్రటి స్టిక్కర్ ఉంది. మీ సిస్టమ్ దాన్ని ఏమనుకుంటుంది?’

ఇక్కడే చాలామంది తడబడతారు. ఈ ప్రాజెక్టు చేసేవాళ్లు ప్రతి కాలేజీలోనూ ఉంటారు. అది రోడ్డు మీద ఎక్కడ దెబ్బతింటుందో చెప్పగలిగేవాళ్లు మాత్రం తక్కువ. ఆటోమొబైల్ సాఫ్ట్‌వేర్ రంగంలో ఉద్యోగం కావాలంటే రెండో జాబితాలో మీరుండాలి.

అసలు ఎలా పనిచేస్తుంది?

ముందు అద్దం వెనక ఉండే కెమెరా రోడ్డు పక్క బోర్డును వెతికి, అందులోని అంకెను చదువుతుంది. జీపీఎస్ సాయంతో డిజిటల్ మ్యాప్‌లో ఆ రోడ్డుకు రాసి ఉన్న పరిమితిని కూడా కారు చూస్తుంది. రెండింటినీ పోల్చి, డ్రైవర్ ముందున్న తెరపై ఒక అంకె చూపిస్తుంది. 2008లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో మొదలైన ఈ సదుపాయం 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ700 లాంటి మన కార్లలోకీ చేరింది.

యూరోపియన్ యూనియన్‌లో ఇప్పుడిది తప్పనిసరి. 2022 జులై నుంచి కొత్త మోడళ్లకు, 2024 జులై నుంచి అమ్ముడయ్యే కొత్త కార్లన్నిటికీ వేగ పరిమితిని గుర్తించి హెచ్చరించే వ్యవస్థ ఉండాలి. డ్రైవర్ కావాలంటే దాన్ని ఆపేయొచ్చు. కానీ మళ్లీ కారు స్టార్ట్ చేయగానే అదీ ఆన్ అవుతుంది.

మన దగ్గర 2019 జులై నుంచి కొత్త కార్లలో తప్పనిసరైంది వేరు. వేగం 80 దాటితే బీప్, 120 దాటితే ఆగకుండా బీప్. అది బోర్డును చూడదు. బడి ముందు 30 బోర్డు ఉన్నచోట 70లో వెళ్లినా నోరు మెదపదు. బోర్డు చదివే కారు అవసరం అక్కడే తెలుస్తుంది.

99.46 వెనక కథ

చాలా ప్రాజెక్టులకు ఆధారం 2011 నాటి జర్మన్ ట్రాఫిక్ సైన్ డేటాసెట్. 43 రకాల బోర్డులు, 50 వేలకు పైగా చిత్రాలు. ఆ పోటీలో గెలిచిన న్యూరల్ నెట్‌వర్క్ 99.46 శాతం సాధించింది. అదే పరీక్షలో మనుషుల సగటు 98.84 శాతమే.

అంటే యంత్రం మనిషిని దాటేసినట్టేనా? ఆగండి. ఆ చిత్రాల్లో బోర్డును ముందే కత్తిరించి ఇచ్చారు. రోడ్డు మీద అలా ఎవరూ ఇవ్వరు. కారు గంటకు 100 కి.మీ. వేగంతో వెళ్తుంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటిపోతుంది. 50 మీటర్ల దూరం నుంచి అంకె కనపడినా చేతిలో ఉండేది రెండు సెకన్లలోపే. అందులో బోర్డును కనిపెట్టాలి, చదవాలి, అది తనకు వర్తిస్తుందో లేదో తేల్చుకోవాలి.

యూరప్ నిబంధనలు అందుకే చిత్రాలను లెక్కపెట్టవు. రోడ్డు పరీక్షలో ప్రయాణించిన దూరంలో కనీసం 90 శాతం మేర సరైన పరిమితి చూపాలంటాయి. అంటే 100 కి.మీ.లో 10 కి.మీ. తప్పు చూపినా పాసే. అందుకే చివరి బాధ్యత డ్రైవర్‌దే.

ఎక్కడ బోల్తా పడుతుంది?

సర్వీస్ రోడ్డు: పక్క రోడ్డుకు పెట్టిన 40 బోర్డును మెయిన్ రోడ్డులో వెళ్లే కారు తనదే అనుకుంటుంది.

లారీ స్టిక్కర్: వాహనం వెనకున్న అంకెను బోర్డుగా పొరబడుతుంది.

కొమ్మలు, పోస్టర్లు, ఎదురెండ, వాన: మనకే కనపడని బోర్డు కెమెరాకూ కనపడదు.

పాత మ్యాప్: రోడ్డు పనులు జరిగేచోట కొత్త పరిమితి అందులో ఉండదు. ఫ్లైఓవర్ మీదున్నామా, కిందున్నామా అన్నదీ జీపీఎస్‌కు చిక్కుప్రశ్నే.

కావాలని చేసిన మోసం: అమెరికాలో 35 బోర్డుపై 3 అంకె మధ్య గీతను చిన్న నల్ల టేపుతో పొడిగించి చూసినట్టు మెకాఫీ పరిశోధకులు 2020లో వెల్లడించారు. 2016 నాటి టెస్లా కారు దాన్ని 85గా చదివి వేగం పెంచడం మొదలుపెట్టింది.

ఇక్కడో కీలకమైన విషయం. తప్పులన్నీ ఒకటి కావు. తెరపై తప్పు అంకె కనపడితే డ్రైవర్ విసుక్కుంటాడు, నాలుగుసార్లు అయ్యాక ఆపేస్తాడు. అదే అంకె క్రూయిజ్ కంట్రోల్‌కు వెళ్తే? హైవే మీద 80ని 30గా చదివితే కారు ఉన్నట్టుండి నెమ్మదిస్తుంది, వెనక బండి వచ్చి గుద్దే ప్రమాదం ఉంది. 30ని 80గా చదివితే బడి పిల్లలకు ప్రమాదం. మీ 99 శాతంలో మిగిలిన ఆ ఒక్క శాతం ఈ రెండింటిలో ఏదో చెప్పగలరా? కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్ తెరిచి చూడండి, జవాబు అందులోనే ఉంటుంది.

మీ ప్రాజెక్టును ఇలా మార్చండి

1. మీకు తెలిసిన ఒక దారి ఎంచుకోండి. బస్సులోనో, కారులో పక్క సీట్లోనో కూర్చుని మొబైల్‌తో వీడియో తీయండి. బండి నడుపుతూ మాత్రం వద్దు.

2. పగలు, సాయంత్రం, వీలైతే వానలో.. మూడుసార్లు తీయండి. ప్రతి బోర్డునూ కాగితం మీద రాసుకోండి.

3. మోడల్ ఫలితాన్ని మూడు గడుల్లో లెక్కించండి. చూడకుండా వదిలేసినవి, తప్పుగా చదివినవి, సరిగ్గా చదివినా మన రోడ్డువి కానివి.

4. ఒక్క ఫ్రేమును నమ్మకండి. వరుసగా కొన్ని ఫ్రేముల్లో అదే అంకె వస్తేనే ఒప్పుకొనేలా రాయండి. తేడా ఎంతో నమోదు చేయండి.

5. మన రోడ్ల చిత్రాల కోసం ట్రిపుల్ఐటీ హైదరాబాద్ విడుదల చేసిన ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ చూడండి. హైదరాబాద్, బెంగళూరు రోడ్లపై తీసినవి ఇవి.

ఇప్పుడు రెజ్యుమెలో ‘99 శాతం కచ్చితత్వం’ తీసేయండి. ‘సొంతంగా తీసిన రోడ్డు వీడియోపై పరీక్షించి, వైఫల్యాలను మూడు రకాలుగా విశ్లేషించాను’ అని రాయండి. శాతం తగ్గినా పర్వాలేదు. ఎందుకు తగ్గిందో చెప్పగలగడమే మీ బలం.

ఏ బ్రాంచికి ఏ పని?

సీఎస్ఈ వాళ్లకు పర్సెప్షన్ సాఫ్ట్‌వేర్, ఈసీఈ వాళ్లకు కెమెరా, ఎంబెడెడ్ వ్యవస్థలు, మెకానికల్ వాళ్లకు వాహన పరీక్షలు. సివిల్ వాళ్లూ వెనకబడక్కర్లేదు. బోర్డు ఎక్కడ, ఎంత ఎత్తులో పెట్టాలో చెప్పే ఐఆర్‌సీ 67 ప్రమాణం తెలిసినవాళ్ల అవసరం ఇక్కడా ఉంది. డిప్లొమా, డిగ్రీ వాళ్లు డేటా అనోటేషన్, మ్యాప్ డేటా పనులతో మొదలుపెట్టొచ్చు. ఐఎస్‌వో 26262తో పాటు, పార్టు చెడిపోకపోయినా సిస్టమ్ పొరబడితే ఏంటన్నది చర్చించే ఐఎస్‌వో 21448 గురించి ప్రాథమికంగానైనా చదువుకోండి.

హైదరాబాద్‌లోనే జడ్ఎఫ్, హ్యుందాయ్ మోబిస్ సంస్థల టెక్నికల్ సెంటర్లు ఉన్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్ లేని వాహనాల పరీక్షల కోసం టిహాన్ కేంద్రం 2022లో ప్రారంభమైంది. వాళ్ల వెబ్‌సైట్లలో ఇంటర్న్‌షిప్ ప్రకటనలు గమనిస్తూ ఉండండి.

మళ్లీ ఆ లారీ ప్రశ్నకు వద్దాం. ఇలా చెప్పి చూడండి: ‘నా మొదటి మోడల్ దాన్ని బోర్డే అనుకుంటుంది సార్. ఆ అంకె మాతో పాటే కదులుతోందా, వెనక్కి వెళ్లిపోతోందా అని కొన్ని ఫ్రేముల్లో చూసి వదిలేయాలి. మ్యాప్‌తోనూ పోల్చాలి. రెండూ కలవకపోతే వేగం మార్చకుండా డ్రైవర్‌కు తెలపాలి.’

తెలియనిచోట తెలియదని చెప్పే కారే నమ్మదగిన కారు. ఇంటర్వ్యూలో మీకూ అదే వర్తిస్తుంది.