ఆ ట్రంకుపెట్టె అప్పుడే ఖాళీ చెయ్యకండి

ఇంట్లో పండుముసలి పోతే, "నిండు జీవితం గడిపారు, ఏడవకండమ్మా" అంటారు పరామర్శకు వచ్చినవాళ్ళు. మంచిమాటే. కానీ పోయినాయన యుద్ధం చూసివచ్చిన సిపాయి అయితే ఆ ఇల్లాలి దుఃఖం కాస్త వేరు. 1965లోనో 1971లోనో ఆయన సరిహద్దున ఉంటే, టెలిగ్రాం అన్న మాట వింటేనే గుండె ఝల్లుమన్న మనిషి ఆవిడ. అప్పుడు దిగమింగిన ఏడుపు కూడా ఇప్పుడే బయటికొస్తుంది. రానివ్వండి. ఆనాటి సంగతులు ఎత్తితే "ఇప్పుడెందుకత్తయ్యా" అనకండి.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, మిలటరీ మాధవరం అంటేనే గుర్తుపడతారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ అక్కణ్ణించి వందలమంది వెళ్ళారు. అలాంటి ఊళ్ళో ఈ దుఃఖం ఒకరు చెప్పక్కర్లేదు. మన బెజవాడలో పక్కవాటా వాళ్ళకి ఆయన మిలటరీ మనిషని కూడా తెలియదాయె!

కుర్రాళ్ళు అభిమానంకొద్దీ పాడెమీద జెండా కప్పుదామంటారు. ప్రభుత్వ, సైనిక లాంఛనాలతో జరిగే అంత్యక్రియలకే చట్టం అందుకు ఒప్పుకుంటుంది. అప్పుడైనా జెండాని చితిలో కాల్చకూడదు, ముందే తీసెయ్యాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని అడిగి చెయ్యండి.

అసలు చెప్పవలసింది ట్రంకుపెట్టె గురించి. పెద్దకర్మ కాగానే ఇల్లు కడిగి పాతకాగితాలు పారేస్తాం. ఆ పెట్టె అడుగునే డిశ్చార్జి పుస్తకం, పెన్షను ఉత్తర్వు ఉంటాయి. ఆయనకు సర్వీసు పెన్షను వస్తూ ఉంటే, తర్వాత భార్యకు కుటుంబ పెన్షను వస్తుంది, మామూలుగా ఆఖరి జీతంలో 30 శాతం లెక్కన. ఆవిడకి 80 ఏళ్ళు నిండితే దానిమీద మరో 20 శాతం కలుస్తుంది. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించి ధ్రువపత్రం తీసుకోండి. సైనిక పెన్షన్లు ఇప్పుడు 'స్పర్శ్' అనే కంప్యూటరు పద్ధతిలోకి వచ్చాయి. కబురు అక్కడికీ, బ్యాంకుకీ కూడా చేరాలి. ఆయన పెన్షను పోయిన రోజు దాకానే. ఆ పైన ఖాతాలో పడింది కర్మ ఖర్చులకని తీశారో, మళ్ళీ కట్టాలి. ఇక, పుస్తకంలో ఆవిడ పేరు రత్నమ్మ అనీ ఆధార్‌లో వెంకటరత్నం అనీ ఉంటే తిరుగుడు తప్పదు. పెద్దాయన ఉండగానే సరిచేయించుకున్న ఇల్లు అదృష్టం చేసుకున్నట్టే.

పతకాలూ ఆ పెట్టెలోనే ఉంటాయి. 1971 నాటి 'పూర్వీ స్టార్' ఉందంటే బంగ్లాదేశ్ వైపు పనిచేశారన్నమాట. 'పశ్చిమీ స్టార్' అయితే పడమటి సరిహద్దున. గుడ్డతో తుడిచి మనవల చేతికివ్వండి. మిగతా కథ మామ్మ చెబుతుంది.