మండువా లోగిలి – వాననీటి దారి

ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములలోను, కొల్లేటి చుట్టునున్న గ్రామములలోను కనబడు పాతకాలపు పెద్ద ఇండ్లను మండువా లోగిళ్ళని అందురు. వీధినుండి చూచువారికి ఎత్తైన అరుగులు, సింహద్వారము, పెంకుల కప్పు మాత్రమే కనబడును. ఇంటి అసలు రూపము గడప దాటినగాని తెలియదు. నడుమ ఆకాశమునకు తెరచియుంచిన నలుచదరపు జాగా, దానిచుట్టు స్తంభములమీద నిలిచిన వసారాలు, వాటివెనుక గదులు ఉండును. నాలుగు వైపుల కప్పులును ఆ జాగావైపు వాలియుండును. అదియే మండువా.

ఇట్టి ఏర్పాటు ఒక్క ఆంధ్రదేశమునకే చెందినది కాదు. కేరళలోని నాలుకెట్టు ఇండ్లు ఈ తీరువే. క్రీ. శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో కప్పబడిన పాంపే నగరపు ఇండ్లలోను నడిమి కప్పుకు సందు, దానిక్రింద వాననీటి తొట్టి ఉన్నవి. మన ప్రాంతమున 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై, కాలువలక్రింద వరిసాగు పెరిగిన పిదప, కలిగిన రైతులు ఇట్టి ఇండ్లు విరివిగా కట్టించుకొనగలిగిరి. గోదావరి ఎగువ అడవులనుండి టేకు దుంగలు తెప్పలుగా నీటిమీదనే దిగివచ్చెడివి.

నీటిని వెలుపలికి పంపవలసిన కప్పు లోపలికేల తెచ్చుచున్నది? వెడల్పైన ఇంటికంతకు ఒకే కప్పు వేసినచో కొప్పు మిక్కిలి ఎత్తు పెరుగును, పొడవైన దూలములు కావలెను, నడిమి గదులు చీకటిగా ఉండును. ఇంటిని నాలుగు సన్నని వరుసలుగా విడదీసినచో పొట్టి కలపతోనే పని జరుగును. వెలుతురుతోపాటు గాలియు వచ్చును. ఎండకు వేడెక్కిన గాలి తేలికయై మండువాగుండ పైకి పోగా, వీధి తలుపునుండి, పెరటినుండి వేరు గాలి ఆ చోటికి వచ్చును. కోస్తాలో వేసవి ఉక్క బాధ తగ్గవలెనన్న చెమట ఆరవలెను; అందుకు గాలి కదలవలెను. మండువాలో అగరువత్తి వెలిగించి, పొగ పోవు దిక్కును వేర్వేరు వేళల గమనించినచో విద్యార్థులకు ఇది స్పష్టమగును.

ఇక నీటి సంగతి. లోపలికి వాలిన కప్పులు, తెరచిన జాగా కలిసి నేలకొలతలో 100 చదరపు మీటర్లనుకొందము. తుపానునాడు 10 సెంటీమీటర్ల వాన కురిసినచో 10,000 లీటర్ల నీరు ఇంటి నడుమ పడును! రెండేసి కప్పులు కలియు మూలలలో ఈ నీరు గాడులుగట్టి పారును. అచ్చట ఒక పెంకు తొలగినను క్రిందనున్న దూలము తడిసి పుచ్చును. పాత ఇండ్లలో ముందు పాడగునవి ఈ మూలలే. కుమ్మరి చేసిన గూనపెంకులను ఏటేట వానలకు ముందు సర్దించుట అందుకే. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో పెంకుల కర్మాగారము పెట్టిన పిదప, ఒకదానినొకటి పట్టియుండు పెంకులు వ్యాపించి ఈ శ్రమ కొంత తగ్గినది.

మండువాలో పడిన నీరు నేలక్రింది తూముద్వారా వెలుపలికి పోవలెను. కొల్లేటి ప్రాంతము పల్లము. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు వరద సరస్సులో నిలిచి, ఉప్పుటేరు మీదుగా మెల్లగా సముద్రమునకు చేరును. కనుకనే ఇంటి అడుగును మెరకగా లేపి, తూము నోటిని వీధికంటె ఎత్తున ఉంచిరి. ఇప్పుడు రోడ్డుమీద రోడ్డు వేయగా వీధులే మెరకలైనవి. అట్టిచోట్ల తూము వెనుకకు తన్ను నీరు గోడల అడుగున చెమ్మ పట్టించును. దీనికి విరుగుడుగా కొందరు మండువాను రేకులతో మూసివేయుచున్నారు. నీరు ఆగును గాని వెలుతురు, గాలి కూడ ఆగును. ఎండకు రేకు కాలి ఆ వేడి క్రిందికి దిగును. తూమును పెరటివైపు పల్లమునకు మరల్చుట ఇంతకంటె మేలైన పని.