చెరకు లెక్క, జూలియా భాష, కమాండ్ లైను

బోధనులో శక్కర్‌నగర్ ఎక్కడని ఎవరినీ అడగవలసిన పని లేదు. ఉర్దూ షక్కర్, సంస్కృత శర్కర ఒకే మూలానికి చెందిన మాటలు గనుక ఆ పేరు మన కళాశాలలోని రెండు భాషల వారికీ చుట్టమే. మంజీర నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1931లో పూర్తి అయినది. 1937లో నిజాం చక్కెర కర్మాగారం నెలకొన్నది. 2015 డిసెంబరులో అది మూతపడినది. అయితే దాని ప్రయోగశాలలో ఏళ్ల తరబడి జరిగిన లెక్క దేశంలోని చక్కెర మిల్లులలో నేటికీ జరుగుతూనే ఉన్నది.

ఆ లెక్క స్వరూపం ఇది. చెరకు రసంలో కరిగి ఉన్న ఘనపదార్థాల శాతాన్ని బ్రిక్స్ అంటారు. అందులో అసలైన శర్కర శాతం వేరు. మిగిలినది మలినం; అది తాను చక్కెర కాకపోవడమే గాక, కొంత చక్కెరను తనతో మడ్డిలోకి లాగుకొనిపోతుంది. అందువల్ల శర్కర నుండి మలినంలో పదింట నాలుగు వంతులు తీసివేసి, వచ్చినదానిని 0.73తో గుణిస్తే చెరకు నుండి రాగల చక్కెర శాతం అంచనాకు వస్తుంది.

ఈ శాతం కాగితంపై అంకె మాత్రమే కాదు. 2025-26 సీజనుకు కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన గిట్టుబాటు ధర, మిల్లు రాబట్టిన చక్కెర 10.25 శాతమైతే క్వింటాలు చెరకుకు 355 రూపాయలు. ఆపైన ప్రతి 0.1 శాతానికి 3.46 రూపాయలు అదనం. నలభై టన్నుల చెరకు తోలిన రైతుకు ఆ 0.1 శాతం విలువ 1,384 రూపాయలు! ఇంతటి లెక్కను ఒకరు చేసి చెప్పడం, మరొకరు తల ఊపడం మాత్రమే అయితే ఎట్లా? చేసిన లెక్క పదిమంది చదువగలిగేదిగా, మరల చేసి చూడగలిగేదిగా ఉండాలి. కంప్యూటరు అనగానే మౌసు కదిలించి బొమ్మలు నొక్కడమే అనుకొనే విద్యార్థి మిత్రులకు నేను చెప్పదలచినది ఈ ఒక్క విషయమే. బొమ్మ నొక్కితే జవాబు వస్తుంది గాని దారి కనబడదు. వ్రాసిన ఆజ్ఞకు సాక్ష్యం మిగులుతుంది.

శాస్త్రీయ గణనల కోసం పుట్టిన భాషలలో జూలియా ఒకటి. జెఫ్ బెజాన్సన్, స్టెఫాన్ కార్పిన్‌స్కీ, విరల్ షా, ఆలన్ ఎడెల్మన్ అనే నలుగురు దీనిని రూపొందించి 2012 ఫిబ్రవరిలో లోకానికి అందించారు. 1.0 సంచిక 2018 ఆగస్టులో వెలువడినది. వెల లేదు. కమాండ్ లైనులో, అనగా ఆజ్ఞలు వ్రాసే నల్లని తెరపై (ఆజ్ఞాపంక్తి అని తెనిగించవచ్చును గాని మన ప్రయోగశాలలో అట్లా అనేవారెవరు?), జూలియా అని టైపు చేసి ఎంటర్ నొక్కితే ఆ భాష మన మాట కోసం ఎదురుచూస్తుంది. తెలుగు అధ్యాపకుడినైన నన్ను ఆకర్షించిన విశేషం మరొకటి ఉన్నది. చరరాశులకు, ప్రమేయాలకు ఇందులో తెలుగు లిపిలోనే పేర్లు పెట్టవచ్చును. పై సూత్రం మొత్తం ఇంతే:

దిగుబడి(శర్కర, బ్రిక్స్) = 0.73(శర్కర - 0.4(బ్రిక్స్ - శర్కర))

గణితం నోటుబుక్కులో వలెనే, అంకెకు, కుండలీకరణానికి మధ్య గుణకార చిహ్నం కూడా అక్కరలేదు. తరువాత దిగుబడి(18, 20) అని వ్రాస్తే దాదాపు 12.56 అని సమాధానం వస్తుంది. పంక్తి మొదట ప్రశ్నార్థకం పెడితే సహాయం, అర్ధవిరామం, పెడితే కంప్యూటరు ఆజ్ఞలు, ] పెడితే అదనపు పొదులు తెచ్చుకొనే మార్గం తెరచుకొంటాయి. పై బాణం నొక్కితే పూర్వం వ్రాసిన పంక్తి తిరిగి వస్తుంది.

సంభాషణ ముగిస్తే ప్రమేయం పోతుంది. కనుక దానిని ఒక ఫైలులో వ్రాసి దాచాలి. అప్పుడు కమాండ్ లైనులో జూలియా అనే మాట, ఫైలు పేరు, ఆపై 18, 20 అనే విలువలు వరుసగా ఖాళీలతో వ్రాస్తే చాలును. ఆ విలువలు ఆర్గ్స్ అనే పట్టికలోకి చేరుతాయి. ఇక్కడే నేను తడబడ్డాను. రెండింటినీ గుణించి చూద్దామంటే 360కి బదులు 1820 వచ్చినది! బయటి నుండి వచ్చిన విలువలు అంకెలుగా గాక అక్షరాలుగా చేరుతాయి. అక్షరాల మధ్య గుణకార చిహ్నం ఈ భాషలో సంధి చేస్తుంది. వ్యాకరణం చెప్పేవాడిని గనుక నవ్వుకొన్నాను. తీసివేయమంటే మాత్రం అది ససేమిరా అని తప్పు చూపుతుంది. పార్స్ అనే ప్రమేయంతో ముందుగా సంఖ్యలుగా మార్చుకొనవలెను.

ఇంకొక జాగ్రత్త. జూలియా తాను నడిపేటప్పుడే ప్రమేయాన్ని యంత్రభాషలోకి మార్చుకొంటుంది. ఆ మార్పు అయిన తరువాత వేగం ఎక్కువ. కాని ప్రతిసారి కొత్తగా పిలిస్తే ఆ మొదటి ఆలస్యం ప్రతిసారి భరించాలి. నూరు బండ్ల నమూనాలుంటే నూరు మారులు పిలవక, కొలతలన్నీ ఒక ఫైలులో పెట్టి ఒక్కమారు అప్పగించడం మేలు. కొన్ని తెరలపై మన వత్తులు, గుణింతాలు చెదరి కనబడతాయి. ఫైలులో అక్షరం చెడదు, లెక్కా తప్పదు.