వైటీ-డీఎల్‌పీకి ప్లగిన్లు వేస్తున్నారా? ముందు ఇది తెలుసుకోండి

కమాండ్ లైన్‌లో వీడియోలు డౌన్‌లోడ్ చేసేవాళ్లకి వైటీ-డీఎల్‌పీ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పీసీలోనే కాదు, ఫోన్‌లో టెర్మక్స్ వేసుకుని దీన్ని వాడేవాళ్లూ ఉన్నారు. ఈ ఓపెన్ సోర్స్ టూల్ వెయ్యికి పైగా సైట్లను సపోర్ట్ చేస్తుంది. మరి మీకు కావాల్సిన సైట్ ఆ లిస్టులో లేకపోతే? అప్పుడే బయటి ప్లగిన్లు పనికొస్తాయి.

ఈ ఫీచర్ ఎందుకు?

ఒక్కో సైట్‌కి ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న పైథాన్ కోడ్ ఉంటుంది. పేజీలో అసలు వీడియో ఎక్కడుందో పట్టుకునేది అదే. ప్లగిన్లు లేకపోతే, కొత్త సైట్‌కి కోడ్ రాసినవాళ్లు పుల్ రిక్వెస్ట్ పెట్టి, మెయింటెయినర్లు ఓకే చేసేదాకా ఆగాలి. లేదా ప్రాజెక్ట్‌ను ఫోర్క్ చేసి, అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ తమ మార్పుల్ని మళ్లీ కలుపుకోవాలి. 2023.01.02 వెర్షన్‌లో ప్లగిన్ సిస్టమ్‌ను మెరుగుపరచడంతో ఈ తలనొప్పి చాలావరకు తగ్గింది.

ఎలా పనిచేస్తుంది?

ప్లగిన్‌ను పిప్‌తో ఇన్‌స్టాల్ చేయొచ్చు, జిప్ ఫైల్‌ని ప్లగిన్స్ ఫోల్డర్‌లో పడేసినా చాలు. విండోస్‌లో సింగిల్ ఈఎక్స్ఈ ఫైల్ వాడేవాళ్లు మాత్రం ఫోల్డర్ పద్ధతే ఎంచుకోవాలి. పిప్‌తో వేసినవి దానికి కనిపించవు.

ప్లగిన్లు రెండు రకాలు. డౌన్‌లోడ్ అయ్యాక ఫైల్ మీద పనిచేసే పోస్ట్‌ప్రాసెసర్‌ను మీరే కమాండ్‌లో పిలవాలి. ఎక్స్‌ట్రాక్టర్‌కి ఆ అవసరం లేదు, తనకు సరిపోయే లింక్ కనిపిస్తే తనంతట తానే రంగంలోకి దిగుతుంది. పైగా టూల్‌లో ముందే ఉన్న ఎక్స్‌ట్రాక్టర్ల కంటే దీనికే ప్రాధాన్యం.

అసలు రిస్క్ ఇక్కడే

మీరు వాడినా వాడకపోయినా, ఫోల్డర్‌లో ఉన్న ప్లగిన్ కోడ్ లోడ్ అవుతుంది. ఆ కోడ్‌ను ఎవరూ చెక్ చేయరు, సాండ్‌బాక్స్ లేదు. టూల్‌కి ఉన్న పర్మిషన్లన్నీ ప్లగిన్‌కీ ఉంటాయి. వైటీ-డీఎల్‌పీకి బ్రౌజర్ కుకీలు ఇచ్చి లాగిన్ కావాల్సిన వీడియోలు దించే అలవాటు మీకుందా? అయితే చెడ్డ ప్లగిన్ చేతికి మీ అకౌంటే చిక్కొచ్చు. నమ్మకం ఉంటేనే వాడమని ప్రాజెక్ట్ రీడ్‌మీలోనే హెచ్చరించారు.

వేసుకునే ముందు

• కోడ్ తెరిచి చూడండి. చాలా ప్లగిన్లు చిన్నవే. సంబంధం లేని సర్వర్ అడ్రస్, చదవడానికి వీల్లేని గజిబిజి టెక్స్ట్ కనిపిస్తే వదిలేయండి.
• వెర్బోస్ మోడ్‌లో రన్ చేయండి. ఏ ప్లగిన్లు లోడ్ అయ్యాయో అక్కడే తెలుస్తుంది.
• పని అయిపోయిన ప్లగిన్‌ను తీసేయండి.
• ఎర్రర్ వస్తే ముందు ప్లగిన్లు ఆపి చూడండి. ప్లగిన్ తప్పుకి మెయిన్ ప్రాజెక్ట్‌లో బగ్ రిపోర్ట్ పెడితే వాళ్ల టైమూ వేస్ట్, మీ టైమూ వేస్ట్.

మా మాట: ఫీచర్ సూపర్, అనుమానం లేదు. కాకపోతే మెయింటెయినర్లు చేసే కోడ్ చెకింగ్ ఇక్కడ మీ డ్యూటీ. అది చేసే ఓపిక ఉంటేనే ఇన్‌స్టాల్ కొట్టండి.